క్యోటో నగరమున నేర్చిన పలుకులు

పరదేశమునకుఁ బోవు ఇల్లాలు చలిగుడ్డలు సర్దుకొనవచ్చును, పచ్చడి జాడీలు సర్దుకొనవచ్చును. నోటిని సర్దుకొనుట మాత్రము బయలుదేఱు నాఁటికి కుదురదు. మా తమ్ముఁడు నాలుగేండ్లుగా జపానుదేశమున క్యోటో నగరములో ఉద్యోగము చేయుచున్నాఁడు. మా మఱదలికి నెలలు నిండు వేళకు ఆమె తల్లి కాలు విఱిగి మంచము పట్టుటచే, పురిటి సాయమునకు మేము పోవలసి వచ్చెను. బడికి వేసవి సెలవులు గావున మావారును వెంట వచ్చిరి. ఏప్రిలు చివర, ఓసాకా చెంత సముద్రములో మనుష్యులు కట్టిన దీవిమీఁది విమానాశ్రయమున దిగి, గంటకుఁ బైగా రైలులో కూర్చుండి క్యోటో చేరితిమి.

తమ్ముని యిల్లు దెమాచియనగి యను పేట దాపున నున్నది. అచట కామో నదియు తకనో నదియు కలియును. నీటికి అడ్డముగా దాఁటుటకు ఱాళ్లు పఱచినారు. కొన్ని ఱాళ్లను తాఁబేళ్లవలెఁ జెక్కినారు. సాయంకాలము పిల్లలు వానిపై గంతులు వేయుచుందురు. చూడ నెంతయో చల్లగా నున్నది గాని, మా మనస్సునకు ఒక దిగులు పట్టుకొనెను. తమ్ముఁడు ఉదయము పోయి రాత్రి వచ్చును. నెలకొకమాఱు టోక్యో పోయి రెండు రోజులుండును. ఆ గడియ అతఁడు ఇంట లేనప్పుడే వచ్చినచో మాటాడువా రెవ్వరు? మఱదలికి వచ్చినవి బజారు మాటలే. నొప్పులలో నున్నవారు వానినైనను పలుకఁజాలరు. కావున మఱునాఁటి నుండియే ఒక నోటుపుస్తకము పెట్టుకొని పాఠము ప్రారంభించితిమి. దూరదేశములలో కాఁపురముండు ఆఁడుబిడ్డలున్న సోదరీమణులకు పనికివచ్చునని అందలి కొన్ని సంగతులను ఇచట వ్రాయుచున్నాము.

తమ్ముఁడు మొదట చెప్పిన వాక్యమిది: "వతషి వ మిజు ఓ నొమిమసు." వతషి యనఁగా నేను. మిజు నీరు. నొమిమసు త్రాగెదను. నడుమ నున్న 'ఓ' మన ద్వితీయా విభక్తి. 'వ' యనునది "నేనైతే" యని మాటను ముందుకుఁ దెచ్చి నిలుపునది. నేను నీటిని త్రాగెదను! మాటలు ఏ వరుసను మన నోట వచ్చునో ఆ వరుసనే వచ్చినవి. మావారు బడిలో పిల్లలకు ఇంగ్లీషు నేర్పునప్పుడు వాక్యమును తలక్రిందులు చేయించుటకే సగము సంవత్సరము పట్టును. ఇచట త్రిప్పవలసినది ఏమియు లేదు.

తక్కిన విభక్తులును అట్లే మాటకు వెనుక వచ్చి యతుకును. "క్యోటో కర నార మదె దెన్ష దె ఇకిమసు" అనఁగా "క్యోటో నుండి నారా వఱకు రైలులో వెళ్లెదము." కర నుండి, మదె వఱకు, దె లో. షష్ఠికి 'నొ': తమ్ముని భార్య యనుటకు "ఒతోతొ నొ త్సుమ." ప్రశ్న యడుగవలసినచో వాక్యము చివర 'క' చేర్చిన చాలును, మనము "నీరా?" యని దీర్ఘము తీయుచోట వారు "మిజు దెసు క" యందురు. "కదా" యనుటకు 'నె.' "నిన్న కొన్న కూరగాయలు" అనుటకు "కినో కత్త యసై" యనవలెను. నిన్న, కొన్న, కూరగాయలు. ఇంగ్లీషువారు దీనికై కూరగాయలను ముందుకు లాగి, వెనుక నొక చిన్న వాక్యమును కట్టవలయును.

ఇట్టి పోలికలను చూచి సుసుము ఓనో (1919–2008) అను జపాను పండితుఁడు తమ భాషకు తమిళముతో చుట్టఱికము కలదని గ్రంథములు వ్రాసెను. భాషాశాస్త్రజ్ఞులలో పెక్కండ్రు దాని నంగీకరింపలేదు. కొరియా వారును, తురుష్కులును క్రియను చివరనే పెట్టుదురు. ఆ మాత్రమున అందఱును ఒక తల్లి బిడ్డలు కానేరరు. చుట్టఱికము లేకున్నను ఇరుగుపొరుగువలె ఉపకరించుచున్నది, మాకదియే చాలును.

క్రియ నేర్చుట మనకంటె వారికే సులువు. త్రాగెదను, త్రాగెదవు, త్రాగును అని పురుషభేదము వారికి లేదు. ఎవరు త్రాగినను నొమిమసు. త్రాగితిమన్న నొమిమష్త. త్రాగమన్న నొమిమసెన్. మనవలెనే వ్యతిరేకార్థమును క్రియలోపలనే ఇముడ్చుకొన్నారు. చివరి ఉకారమును మింగి పలుకుదురు గావున నొమిమసు అన్నది చెవికి "నొమిమస్" అని వినిపించును.

బాలవ్యాకరణము చదివినవారికి సంతోషము కలిగించునది క్త్వార్థకము. తిని, వచ్చి, చూచి యని మనము గొలుసు కట్టుచోట వారు 'తె' చేర్చి కట్టుదురు. తినుట తబెరు, తిని యన్న తబెతె. నిషికి బజారులో ఊరగాయల దుకాణమున ఒక ముదుసలి, వంకాయ ముక్కను పుల్లకు గ్రుచ్చి మాకందించి "తబెతె మితె కుదసై" యనెను. "తిని చూడండి!" చూచుట యను మాటను ఇట్లు రుచికి వాడు వారు మనవలె ఇంకొకరు ఇంత దూరమున నున్నారని మే మెఱుఁగము. ఆ ముక్క ఎఱ్ఱని ఆకుతో ఊరినది, పులుపు బాగున్నది, కారము మాత్రము సున్న.

ఇంటినుండి బయలుదేఱునప్పుడు మన పెద్దలు "పోయెద" ననరాదందురు. "వెళ్లి వచ్చెద" ననవలెను. తమ్ముఁడు ఉదయము చెప్పులు తొడిగికొనుచు "ఇత్తె కిమసు" అనును. ఇత్తె వెళ్లి, కిమసు వచ్చెదను. ఇంటనున్నవారు "ఇత్తెరష్షై," వెళ్లి రండు, అని బదులు చెప్పవలెను. తిరిగి వచ్చి గుమ్మమున "తదైమ" యనఁగా లోపలివారు "ఒకయెరినసై" యందురు. గోడ ఆవలి యింటిలో నాలుగేండ్ల పిల్లవాఁడు పూటపూటకు ఈ కేకలు వేయుచుండును. మేము మొదట నోట పట్టినవి వాని పాఠములే.

ఉచ్చారణమున తెలుగువారికి ఒక వరము కలదు. వారి అచ్చులు అ ఇ ఉ ఎ ఒ అని అయిదు, వానికి దీర్ఘములు. హ్రస్వమైన ఎ, ఒ లు సంస్కృతమునకు లేవు, మనకున్నవి. కావున ఆ మాటలను మన లిపిలో నున్నవున్నట్లు వ్రాసికొనవచ్చును. దీర్ఘము తప్పరాదు: ఒబసన్ అన్న పినతల్లి, మేనత్త మొదలగువారు, ఒబాసన్ అన్న అవ్వ. ముప్పది యేండ్ల యువతిని అవ్వా యని పిలిచిన నెట్లుండును? ద్విత్వమును అట్లే: కితె యన్న వచ్చి, కిత్తె యన్న తపాలా బిళ్ల. మాటలు తఱచుగా అజంతములు. బస్సును మనము అచ్చు చేర్చి పలికినట్లే వారును "బసు" అందురు, గ్లాసు వారికి "గురసు." లకారము లేదు, రేఫయే.

ఇఁక సర్వనామములు. మన వ్యాకరణమున ఆ, ఈ, ఏ యను మూఁటిని త్రికమందురు. వారికి నాలుగు: కొరె, సొరె, అరె, దొరె. కొరె నా చెంతనున్నది. సొరె నీ చెంతనున్నది. అరె ఇద్దఱకును దూరమైనది. దొరె ఏది యని ప్రశ్న. చోటులకును అట్లే కొకొ, సొకొ, అసొకొ, దొకొ. నీ దగ్గఱి దానికి వేఱు మాట యుండుట అనవసరపు సూక్ష్మమని మావారనిరి. అది ఎంత అవసరమో తరువాత తెలిసినది.

మర్యాద విషయమున మాత్రము మనయాచారమును కొంత మూట కట్టి పక్కను పెట్టవలెను. "సన్" అనునది మన గారు. తన పేరునకు తాను చేర్చుకొనరాదు. అన్న అని, తమ్ముఁడు ఒతోతొ, అక్క అనె, చెల్లెలు ఇమోతొ అని మనవలెనే పెద్దచిన్నల భేదముతో నాలుగు మాటలున్నవి. అయితే మనము పరులయెదుటను "మా నాన్నగారు వచ్చిరి" అందుము. వారు అట్లనరు. పరుల తల్లి ఒకాసన్, తన తల్లి యన్నచో హహ. పరుల తండ్రి ఒతోసన్, తన తండ్రి చిచి. తనవారిని పరులయెదుట తగ్గించి చెప్పుటయే వారి పెద్దఱికము. భర్తను షుజిన్, అనఁగా యజమానుఁడు, అందురు. ఇప్పటి పడుచులు కొందఱు ఆ మాట నొల్లక ఒత్తొ యందురు. దన్న యని మఱియొక మాట కలదు, అది మన సంస్కృతపు 'దాన' శబ్దము బౌద్ధులతో ప్రయాణము చేసి ఆ రూపము దాల్చినది. దాత యైన మగఁడన్నమాట. జీతపు దినమున పలుకఁదగిన పేరు. భార్యకు కనై యను పాతపేరు, ఇంటి లోపలిది యని యర్థము. మన ఇల్లాలు దానికి అక్కయో చెల్లెలో.

మే 21వ తేదిని తోజి గుడికి పోయితిమి. నెలనెల 21వ తేదిని అచట సంత జరుగును. పాత కిమోనోలు, పింగాణి గిన్నెలు, చెట్ల మొక్కలు అన్నియు నేలపైఁ బఱచి యమ్ముదురు. "ఇకుర దెసు క" ఎంత? "కొరె ఓ ఫుతత్సు కుదసై" దీనిని రెండు ఇండు. ఒకరు ఇద్దఱు అని మనము మనుష్యులను వేఱుగా లెక్కించునట్లు వారును హితొరి, ఫుతరి యందురు. అంతతో నాఁగక కాగితమువలె పలుచని వానికొక లెక్క, గొడుగువలె పొడవైన వానికొక లెక్క, పిల్లికుక్కల కొక లెక్క. కొత్తవారు వస్తువులకు హితొత్సు, ఫుతత్సు, మిత్త్సు అన్న చాలును, అంగడివారు కోపింపరు. మన పదివేలు వారికి ఒక 'మన్'. మన లక్ష పది మన్‌లు.

ఆ గుడిని 823లో కూకై (774–835) అను ఆచార్యునకు చక్రవర్తి యిచ్చెను. ఆయన చీనాకుఁ బోయి 806లో తిరిగి వచ్చునప్పుడు సంస్కృత మంత్రములను వ్రాయు సిద్ధమను లిపిని తెచ్చెను. జపాను గుళ్లలోను శ్మశానములలోను ఱాళ్లపై ఆ బీజాక్షరములు నేఁటికిని చూడవచ్చును. అంతకంటె వింత, వారి బడిపిల్లల అక్షరమాల వరుస: అ ఇ ఉ ఎ ఒ, పిమ్మట క స త న హ మ య ర వ. మన వర్ణమాల క్రమమే! 'స' ఉన్నచోట మనకు చ, 'హ' ఉన్నచోట మనకు ప. వారి పూర్వులు ఆ హకారమును పకారముగానే పలికిరఁట. సంస్కృతము చదివిన బౌద్ధుల చేతి చలువ అది.

ఈ హిరగన అక్షరములు నలుబదియాఱు. వీనిని పూర్వము "స్త్రీల చేవ్రాలు" అనెడివారు. పురుషులు చీనాలిపిని అభ్యసించి శాసనములు వ్రాయుచుండ, ఆఁడువారికి ఇవి చాలునని విడిచిరి. ఆ విడిచిన అక్షరములతోనే మురసకి షికిబు అను రాణివాసపు ఉద్యోగిని, మన నన్నయభట్టు భారతమునకుఁ బూనుకొనుటకు కొంచెము ముందుగా, ఏఁబదినాలుగు అధ్యాయముల గెంజి కథను వ్రాసెను. 935 ప్రాంతమున కి నొ త్సురయుకి యను పురుషకవి తన యాత్రాకథను ఆ భాషలో వ్రాయుటకై తాను స్త్రీనని నటింపవలసి వచ్చినది! మురసకి దినచర్యలో ఒక సంగతి కలదు. తండ్రి కుమారునికి చీనా గ్రంథములు చెప్పుచుండ ఆమె చెంతఁ గూర్చుండి విని వానికంటె ముందు నేర్చెడిదఁట. ఇది మగపిల్లవాఁడు కాకపోయెనే యని ఆ తండ్రి వగచెనఁట. మా నాన్నగారు మాకు అమరమును కావ్యములను ఇంటనే చెప్పిరి. విన్న బంధువులు ఇదే మాట అనెడివారు. రోజన్‌జి గుడి తోఁటలో ఆమె యిల్లుండెనని చెప్పుదురు. అచట కొంతసేపు కూర్చుంటిమి.

భోజనమునకు మాబోఁటి శాకాహారులకు "నికు మొ సకన మొ తబెమసెన్" అను వాక్యము అవశ్యము. మాంసమును చేఁపలును తినము. 'మొ' మన సముచ్చయము. అయినను అది చాలదు. పప్పు లేని చారువంటి వారి పులుసులకు ఎండుచేఁప కాఁచిన నీరు ఆధారము, దానిని దషి యందురు. కొంబు అను సముద్రపు నాచుతో చేసిన దషి యైనచో పుచ్చుకొనవచ్చును. సందేహమైనచో గుళ్లచెంత వండు షోజిన్ వంటకమును అడుగుట మేలు. కూర్చుండఁగనే "ఇతదకిమసు," లేవఁబోవుచు "గొచిసోసమ దెష్త" అనవలెను. వడ్డించినవారి ముఖము విప్పారును. క్యోటోవారు ధన్యవాదమునకు "ఒకినీ" యందురు. "అరిగతో" కంటె మెత్తగా నుండును. వారు కాదని చెప్పరు. "సొరె వ చొత్తొ" యని వాక్యమును నడుమ విడుతురు. "అది కొంచెము..." అని మన బంధువులు సంబంధము వలదనునట్లే. మనము మాటాడుచుండ "హై, హై" యనుట ఊఁ కొట్టుట మాత్రమే, ఒప్పుకొనుట యని భ్రమింపరాదు.

జూను మొదటి వారమున తమ్ముఁడు టోక్యో పోయిన రాత్రియే మా మఱదలు రెండు గంటలకు మమ్ము లేపెను. తమ్మునికి ఫోను చేయఁగా మ్రోగి మ్రోగి యాగెను. మేలుకొన్నను నడిరేయి దాఁటిన పిమ్మట ఆఱు గంటల దాఁక ఆ వేగపు రైళ్లు నడువవు. అనువాదము చేయు యంత్రము ఫోనులోనే యున్నది గాని, ఆ ఫోనుతోనే ఆసుపత్రికి మాటాడవలసి యుండెను. నోటుపుస్తకము విప్పి మాటాడితిమి. "ఒతోతొ నొ త్సుమ దెసు. ఒనక గ ఇతై దెసు." మా తమ్ముని భార్య. కడుపు నొప్పి. అవతలి మంత్రసాని నెమ్మదిగా "నన్‌పున్ ఒకి దెసు క" యనెను. ఎన్ని నిమిషముల కొకమాఱు? ఈ ప్రశ్న వచ్చునని తమ్ముఁడు ముందే వ్రాయించియుండెను. "జుప్పున్ ఒకి దెసు," పది నిమిషముల కొకమాఱు. "హజిమెతె దెసు క," తొలిచూలా? "హై." "సుగు కితె కుదసై." వెంటనే రండు.

మఱదలి సంచిలో తల్లీబిడ్డల పుస్తకము సిద్ధముగా నున్నది. గర్భిణులకు ఇట్టి పుస్తకము నిచ్చుట ఆ దేశమున 1942లో మొదలైనది, 1948లో బిడ్డకును చేర్చినారు. గర్భము నాఁటినుండి టీకాల వఱకు అన్నియు అందే వ్రాయుదురు. దానిని చూచిన పిమ్మట వారు మమ్ము అడుగవలసినవి సగము తగ్గినవి. మిగిలినది నొప్పి యెట్టిదని. ఇందులకు వారి భాషలో మనవలెనే జంటశబ్దములున్నవి. చికుచికు అన్న చుఱుకుచుఱుకు మనుట, జుకిజుకి అన్న సలుపు, కిరికిరి అన్న మెలిపెట్టినట్లుండుట. మా మఱదలు "మెలిపెట్టుచున్నది వదినా" యనఁగా మేము "కిరికిరి" యంటిమి, "కొషి గ" నడుములో. ఆ పడుచు మంత్రసాని తల యూఁపి నడుముపై చేయి వేసి నొక్కుచు "కొకొ?" ఇక్కడనా? యనెను. "సొకొ," నీ చేయి యున్న చోటనే. మఱదలు కన్నులు మూసికొనియే తానును "సొకొ, సొకొ" యన మొదలిడెను. వెలుపలి బల్లపై కూర్చున్న మావారు అది వినిరి. తెల్లవాఱువఱకు ఆ చేయి ఆ చోటు విడువలేదు. "ఇకి ఓ హైతె," ఊపిరి విడువుము, అని ఆమె యనుట, మేము తెలుగున మఱల ననుట, ఇదియే పని.

అయిదు గంటలు దాఁటినపుడు "ఒన్న నొ కొ దెసు యొ" అనిరి. ఆఁడపిల్ల. తమ్ముఁడు మొదటి రైలెక్కి తొమ్మిది గంటలకు వచ్చెను.

బడులు తెఱచు వేళకు మావారు తిరిగి పోయిరి. మేము ఇంకొక నెల యుంటిమి. పుట్టిన పదునాలుగు దినములలోపల పేట కచేరిలో బిడ్డను వ్రాయింపవలెను. పరదేశీయుల పేరు కతకన యను రెండవ విధపు అక్షరములలో వ్రాయుదురు. మా యమ్మ తన అత్తగారి పేరు ఉమ యని పెట్టుఁడనెను. తమ్ముఁడు నవ్వి, ఈ భాషలో ఉమ యన్న గుఱ్ఱము గదమ్మా యని ఫోనులో చెప్పెను. "గుఱ్ఱమైనచో మఱియు మంచిది. మీవలె బక్కచిక్కక బలముగా పరుగెత్తును, వ్రాయింపుము" అనెను. కచేరిలోని గుమాస్తా ఆ రెండక్షరములను చూచి, ఒక్క క్షణము తలయెత్తి, మఱల మర్యాదగా వంచి, ముద్ర వేసెను.